కొత్త రేడియేటర్‌కు నూనె పైపులు బిగించిన శనివారం

చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల నా ఎడమకాలికి బలం లేదు. క్లచ్ తొక్కలేను కాబట్టి ఆటోమేటిక్ కారు తప్ప ఇంకోటి నడపలేను. మిర్యాలగూడలో మా ఇంటి నుంచి వేములపల్లి బడికి వెళ్లి సైన్సు చెప్పి రావడానికి నాకున్నది ఒక పాత ఆటోమేటిక్ కారు. ఒకరోజు దాని కింద పచ్చటి నీళ్లు మడుగు కట్టి కనిపించాయి. రేడియేటర్ పగిలింది.

అది పగలాల్సిన వారమేనా! ఆ ఆదివారం కోదాడలో చుట్టుపక్కల చర్చి సంఘాలన్నీ కలిసే పెద్ద కూడిక ఉంది. అందులో మా అత్తమ్మ పాడబోతోంది. అంగన్‌వాడీలో ఏళ్ల తరబడి పిల్లలకు పాడిన మనిషే కానీ, తాను కట్టుకున్న పాటను మైకు ముందు ఒక్కతే పాడటం అదే మొదటిసారి. కూడిక రోజు బస్సులు కిక్కిరిసి ఉంటాయి, ఆ తోపులాటలో నేను ఎక్కలేను. ఆమెను ఒక్కదాన్నే బస్సులో పొమ్మంటే ససేమిరా అంది.

"నువ్వు ఎదురుగ కూసుంటెనే పాడ్త. లేకపోతే గొంతు లేవదు నాకు."

మా వీధి చివరి షెడ్డు మెకానిక్ వచ్చి చూశాడు. "కొత్త రేడియేటర్ తెచ్చుకుంటే ఎక్కిస్త మేడమ్. కానీ కింద గా రెండు సన్న పైపులు నేను ముట్ట. అవి గేర్‌బాక్స్ నూనెవి. ఏమన్న అయితే బండి ఖతం, మాట నా మీదికొస్తది" అన్నాడు. సూర్యాపేటలో పెద్ద షెడ్డుకు ఫోన్ చేస్తే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. మా ఆయన డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉన్నాడు.

ఆ రెండు పైపుల సంగతి నాకు అంతకుముందు తెలియదు. ఫోన్‌లో వెతికి చదివితే భలే సంబరమేసింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో నూనె బాగా వేడెక్కుతుంది. అది ఒక పైపులోంచి రేడియేటర్ అడుగుకు వచ్చి, అక్కడి నీళ్ల మధ్య చల్లబడి, రెండో పైపులోంచి తిరిగి గేర్‌బాక్స్‌కు పోతుంది. ఒకదాని వేడి ఇంకోదానికి పోవడం గురించి నేను తరగతిలో ఏటా చెప్పే పాఠమే ఇది!

"అత్తమ్మా, ఆ పైపులు మనమే పెడదాం" అన్నాను.

"పెడదాం పా" అంది. ఏమిటి, ఎలా అని కూడా అడగలేదు.

శుక్రవారం ఇద్దరం బస్సులో కోదాడ వెళ్లాం. అత్తమ్మ వెనక నుంచి నన్ను మెట్టు మీదికి ఎక్కిస్తూ నవ్వుతూనే ఉంది. దుకాణాయన ముందు తెచ్చిన రేడియేటర్‌ను తిప్పి చూస్తే అడుగున నూనె పైపులకు దారే లేదు.

"ఇది క్లచ్ బండిది కదండీ?" అన్నాను.

"అవునండోయ్! బాగా పట్టుకున్నారు" అని లోపలికి వెళ్లి వేరేది తెచ్చాడు. "ఈ రెండు ప్లాస్టిక్ మూతలు తీశాకే పైపులు పెట్టండమ్మా. నట్లు ముందు చేత్తోనే తిప్పండి, పానా తర్వాత" అన్నాడు.

శనివారం పొద్దున మెకానిక్ కారు ముందు భాగాన్ని లేపి, గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి, నేను ఆ రెండు నూనె పైపులూ విప్పాక పాతది తీసి కొత్త రేడియేటర్ ఎక్కించి, నీళ్ల పైపులు బిగించి వెళ్లిపోయాడు. నేను చాప పరుచుకుని మళ్లీ కింద దూరాను. అత్తమ్మ పక్కనే బోర్లా పడుకుని టార్చి పట్టుకుంది. మూతలు తీశాను. ఒక పైపు నట్టు వేళ్లతో తిప్పగానే మెత్తగా లోపలికి పోయింది. నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా.

రెండోది మాత్రం మొరాయించింది. ఒక చుట్టు తిరిగి బిగుసుకుపోతోంది.

"పానా పెట్టి తిప్పరాదు?" అంది అత్తమ్మ.

"వద్దు అత్తమ్మా, వంకరగా ఎక్కుతోంది. బలవంతం చేస్తే మర పోతుంది, కొత్త రేడియేటర్ దండగ."

వెనక్కి తిప్పి తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. చేతుల మీదుగా ఎర్రటి నూనె మోచేతి దాకా కారింది. పైపును చూపుతోనే వెనక్కి వెంబడించాను. కొంచెం దూరంలో ఒక చిన్న ఇనుప పట్టీ దాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. అందుకే కొస పక్కకు లాగుతోంది! పట్టీ బోల్టు వదులు చేశాను. పైపు కదిలింది. నట్టును రంధ్రానికి తిన్నగా ఆనించి తిప్పాను. అది వేళ్లకే లొంగి గిర్రున తిరిగింది.

"పట్టిందా?"

"పట్టింది అత్తమ్మా!"

"అబ్బ! నా బిడ్డ!" అని టార్చి నేల మీద కొట్టింది. వెలుగు ఆరిపోయి, మళ్లీ వచ్చింది.

రేడియేటర్ వైపు ఒక పానాతో కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో నట్లు బిగించాను. పట్టీని మళ్లీ బిగించాను. తడి అంతా గుడ్డతో తుడిచాం. సాయంత్రం మెకానిక్ వచ్చి కారు కిందికి దించి, రేడియేటర్‌లో నీళ్లు నింపాడు. స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి పట్టి, గేర్లన్నీ ఒక్కొక్కటిగా మార్చాను. అత్తమ్మ ముందుకు వంగి కింద చూస్తోంది.

"ఏమన్నా కారుతోందా?" అని అడిగాను.

"ఏం లేదే! పొడిగనే ఉన్నది!"

మెకానిక్ కూడా వంగి చూసి, "మంచిగ కూసున్నయి మేడమ్" అన్నాడు. నూనె కొద్దిగా తగ్గితే పోశాను.

ఆదివారం తెల్లవారాక బయలుదేరాం. అత్తమ్మ దారి పొడవునా పాట సాధన చేస్తూ, మధ్యమధ్య "ముల్లు ఏడుంది?" అని అడుగుతూనే ఉంది. వేడి చూపే ముల్లు సగం దగ్గర కదలకుండా నిలిచింది. కోదాడలో నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆమె మైకు పట్టుకుని కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. మొదటి మాటకు గొంతు వణికింది, రెండో మాటకు తేరుకుంది, చివరికి జనమంతా ఆమెతో కలిసి చప్పట్లు కొడుతూ పాడారు. నేను అందరికంటే గట్టిగా పాడి ఉంటాను.

కూడిక అయ్యాక కారెక్కగానే, "ఇగ ఇంటికేనా?" అని అడిగింది.

"ఎటు పోదాం మరి?"

"సూర్యాపేట మీదుగ పోదాం. దూరమైతే అయితది. పెద్ద రోడ్డు మీద జర ఉరికిద్దాం!"

హైవే ఎక్కాం. ఆమె కిటికీ అద్దం మొత్తం దించి, ఎవరు విన్నా సరే అన్నట్టు మళ్లీ పాట ఎత్తుకుంది.