వాగులో పిట్ట, అమ్మమ్మ తాడు

ఉద్యోగం కొత్తలో నా మీద నాకు భలే గురి ఉండేది. గుడివాడ కాలువ తప్ప వేరే నీళ్ళు ఎరగనివాణ్ణి (అందులోనూ ఈత రాదు), హిమాలయాల్లో కరెంటు ప్రాజెక్టులో చిన్న ఇంజనీరునై, కొండవాగుల గురించి కనపడ్డవాళ్ళకల్లా పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ వేసవిలో అమ్మమ్మను అక్కడికి తీసుకెళ్ళాను. ఆవిడది దివిసీమ. ఉప్పెనలో తమ్ముడు ఆవిడ కళ్ళెదుటే తాటాకు కప్పు మీద కొట్టుకుపోయాడు. విసరడానికి చేతిలో తాడు లేదు. అప్పట్నుంచీ ఏ ఊరెళ్ళినా, చివరికి చిలకలపూడిలో పెళ్ళికెళ్ళినా, సంచిలో గిలకలదిండి రేవులో కొన్న పడవతాడు ఉండాల్సిందే. "కొండ మీదికి ఉప్పెనేం రాదు అమ్మమ్మా" అంటే, "నోర్ముయ్యరా. అక్కడ నీళ్ళున్నాయా, లేవా?" అంది.

టీకొట్టు పక్కనే వాగు చెవులు దద్దరిల్లేలా హోరెత్తుతోంది. నడిమధ్య రాయి మీద పిడికెడంత పిట్ట. ఒళ్ళంతా నీలం, తోక మాత్రం ఇటుకరంగు. ఆ తోకను విప్పుతూ ముడుస్తూ ఆడిస్తోంది. అమ్మమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో ప్రభువా, చిక్కుకుపోయి వణుకుతోందిరా! వెళ్ళి తే!" అది పిట్ట, ఎగిరిపోతుందని చెప్పాల్సిన ఇంజనీరుగారు, ఆవిడ ముఖం చూసి, నడుముకి తాడు కట్టించుకుని వాగులో దిగారు. (టీకొట్టు జనం గ్లాసులు పక్కన పెట్టి మరీ చూశారు.) మోకాలిలోతు వెళ్ళానో లేదో, కాలు జారి బోర్లాపడ్డాను. "లాగు అమ్మమ్మా, లాగూ!" టీకొట్టు జనం కూడా ఓ చెయ్యేశారు. పిట్ట మాత్రం తీరిగ్గా ఎగిరి, గాల్లోనే ఓ పురుగుని పట్టుకుని, పక్క రాయి మీద వాలి మళ్ళీ తోక ఆడించింది.

వణుకుతున్నది నేనే. అమ్మమ్మ పడీ పడీ నవ్వింది. "దీని అసాధ్యం కూలా, దీనిల్లే ఆ వాగురా!" అంటూ కొంగుతో నా తల తుడిచింది. తుడుస్తూ తుడుస్తూనే భోరుమంది. "తాడుంటే వచ్చేవాడురా వాడు. ఇలాగే వచ్చేవాడు." నాకు చలి కూడా తెలియలేదు, అంత దుఃఖం వచ్చింది.

మొన్న అమ్మమ్మ పోయింది. సమాధుల దొడ్డిలో పెట్టె దించడానికి తాళ్ళు చాల్లేదంటే, ఆవిడ సంచిలోది తెచ్చిచ్చాను. ఒక కొస నేనే పట్టుకున్నాను. అందరూ మెల్లగా వదులుతుంటే, నా చేతులు మాత్రం వెనక్కి లాగుతున్నాయి. "వదలండి బావగారూ, పెట్టె ఒరుగుతోంది" అన్నారెవరో. తడిబట్టల్లో "లాగు అమ్మమ్మా" అని అరిచిన ఇంజనీరుగారు గుర్తొచ్చి, ఆ ఏడుపులోనే కాస్త నవ్వొచ్చింది. అప్పుడు వదిలాను.