ఎడమ చక్రం, అర నూలు

పోయినవాటిని లెక్క వేస్తే ముందు ఒక నీలం వ్యాను, దాని వెనకబల్ల మీద మంచుపొడి కింద మెరిసే కానాగంత చేపలు, ఉప్పుగాలి కొరికేసిన మా వీధి తలుపు, ఎర్రయ్య మావ ఈల, అయ్య తలపాగా, ఆఖరికి అమ్మ. మొన్న అరసవల్లి దారిలో ఒక షెడ్డులో నా కారు ముందుచక్రం విప్పగానే ఇవన్నీ కాలిన బ్రేకు వాసనతో కలిసి వచ్చాయి. మెకానిక్ ఒకే చక్రానివి రెండు ప్యాడ్లు నా చేతిలో పెట్టాడు. బయటిది మందంగానే ఉంది, లోపలిది ఇనుము దాకా అరిగిపోయింది.

"పిన్ను తుప్పట్టి కదలడం నేదమ్మా. అందుకే ఒకపక్కే తినేసింది," అన్నాడు.

సరైన జవాబే. అయినా కుర్చీలో కూర్చోలేకపోయాను.

మాది శ్రీకాకుళం తీరాన వేటపల్లె. అయ్య వ్యాను నడిపితే, అమ్మ వెనక తట్టల మధ్య కూర్చుని గరివిడి సంతకు చేపలు అమ్మబోయేది. ఇసక మీద నెత్తళ్లు ఎండే చలికాలంలోనైనా, నాగుల చవితికి దంచిన నువ్వుల చిమ్మిలి వేళ్లకు జిడ్డుగా అంటుకున్న రోజైనా, గవ్వలాటలో గెలుస్తున్నా సరే, పొద్దు వాలేసరికి నేను లేచి దారి చూసి వచ్చేదాన్ని, మళ్లీ కూర్చునేదాన్ని, మళ్లీ లేచేదాన్ని.

ఎందుకంటే నా చిన్నప్పుడు ఒక ఏడాది, బ్రేకు తొక్కితే వ్యాను ఎడమకు లాగేది. ఎడమ అంటే కాలువ వైపు. అయ్య వెనక డ్రమ్ములు రెండూ విప్పి, లోపలి అరచందమామ పట్టీల మందాన్ని చీపురుపుల్లతో కొలిచాడు. వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు, అయ్యదీ అదే కొలత. కుడిది రెండు నూళ్లు, ఎడమది ఒకటి.

"రెండూ ఒకేపాలి ఏసినవి. ఇదేటి, ఇలగ తినేసింది?" అని పుల్ల తిప్పి తిప్పి చూశాడు.

అమ్మ తమ్ముడు ఎర్రయ్య మావకు సందేహమే లేదు. "తెప్పకి సొర నూనె రాస్తే ఉప్పు తినదు గదా బావా. దీనికీ అంతే," అని, అయ్య టీకి వెళ్లిన సమయంలో తెప్పలకు వాడే కుంచెతోనే డ్రమ్ము లోపలి స్ప్రింగులకు నూనె పట్టించాడు. అది పట్టీల మీదికి కారింది. మర్నాడు ఊరి చివర మలుపులో అయ్య ఎంత తొక్కినా వ్యాను ఆగలేదు, తిన్నగా గడ్డికుప్పలోకి దూరి ఆగింది. వేడెక్కిన డ్రమ్ములోంచి చేప వేగిన వాసన ఊరంతా కమ్మింది. తట్టల కింద నుంచి అమ్మ లేచింది, మోచేయి గీసుకుపోయి, జడలో చేపపొలుసులతో.

"ఒరే ఎర్రయ్యా, సేపలు వేపడానికి మనింట్లో పొయ్యి నేదేట్రా?"

అందరూ నవ్వారు. అయ్య నవ్వలేదు. "నువ్వింక ఈ బండెక్కకు," అన్నాడు.

"ఎక్కకపోతే సంతలో నువ్వు అమ్ముతావేటి? ముందు ఆ మంచునీరు సంగతి సూడు. రోజూ నా ఎడంకాలే నానిపోతంది."

అయ్య బల్ల ఎత్తి చూశాడు. నీరు పోవడానికి పెట్టిన బెజ్జం సరిగ్గా ఎడమ డ్రమ్ముకు పైన ఉంది. చేపల ఉప్పునీరు రోజూ అక్కడే కారి, లోపల తుప్పు పట్టించింది. బ్రేకు మీంచి కాలు తీసినా పట్టీ వెనక్కి రాక దారి పొడుగునా రాసుకుంటోంది. అయ్య ఆ బెజ్జం మూసి, నడిమధ్యలో ఇంకొకటి పెట్టి రబ్బరు గొట్టం వేలాడదీశాడు. పట్టీలూ కొత్తవి వేశాడు.

తరువాత విప్పినప్పుడు కుడిది రెండు నూళ్లు, ఎడమది ఒకటిన్నర.

"మరి ఆ అర నూలు ఎవుడు తిన్నాడు?" అంది అమ్మ.

"మళ్లీ ఇప్పినపుడు సెప్తాను."

"అందాకా నేను తలుపు కాడే కూసుంటాను. దూకడానికి వీలుగా ఉంటాది."

అలాగే కూర్చుంది. నేనూ అలాగే లేచి దారి చూస్తూ ఉన్నాను. మళ్లీ విప్పే లోపే ఒక గాలివానకు సముద్రం పొంగి, వ్యానును చక్రాల దాకా ఇసకలో పూడ్చేసింది. దాన్ని ముక్కలుగా కోసి పాత ఇనుముకు తీసుకుపోయారు. ఎడమ డ్రమ్ము ఎవరూ విప్పలేదు.

మొన్న కొత్త ప్యాడ్లు వేసి, పిన్ను శుభ్రం చేసి, ఇక సమానంగానే అరుగుతాయన్నాడు మెకానిక్. కొన్నాళ్లు తిరిగాక ఒకసారి మళ్లీ విప్పి చూపించమన్నాను, నవ్వాడు. ఇప్పుడు ఆ దారిలో వ్యాను లేదు, చీపురుపుల్లతో కొలిచేవాళ్లూ లేరు. నూలు తేడాలో సగానికి అయ్య జవాబు చెప్పాడు. మిగతా అర నూలు అమ్మకు ఇంకా బాకీ.