ఇద్దరికీ ఒకే సంచి

ముత్యాలప్ప ఏ బరువును వీపుకు తగిలించుకున్నా, ముందు రెండు బొటనవేళ్లను పట్టీల కింద దూర్చి పైకి లాగి చూసేవాడు. పట్టీ సులభంగా లేస్తే దించేసి మళ్లీ బిగించేవాడు. పెనుకొండలో జనం దాన్ని చాదస్తం అనుకునేవారు.

1958 వేసవికి ముందు ఆ అలవాటు లేదు.

అప్పటికి అన్నదమ్ములిద్దరు. ముత్యాలప్ప పొడగరి, భుజాలు వెడల్పు. తమ్ముడు పోతులయ్య పొట్టి, సన్నం. మోకుతాడు పట్టుకుని కొండ చరియల్లోకి దిగి తేనె తీసేది తమ్ముడు. పైన మోకు దగ్గర నిలబడేది అన్న. ఇంట్లో మంచి చొక్కా ఒకటే. పని మీద ఎవరు ఊరు దాటితే వాళ్లు తొడుక్కునేవారు. అది పోతులయ్యకు మోకాళ్ల దాకా వచ్చేది.

తేనె డబ్బాను తాడుతో వీపుకు కట్టుకోవడం వల్ల ఆ ఏడు పోతులయ్య భుజం కోసుకుపోయి పుండు పడింది. సంచి కొనక తప్పలేదు. కానీ అప్పుడే ఒక పెద్ద తేనెపట్టు కనబడింది. తేనె తీసేవాళ్ల కట్టుబాటు ప్రకారం చరియ కింద గడ్డి ముడి వేసినవాడిదే పట్టు. అయితే ముడి దగ్గర మనిషి ఉండాలి. మనిషి లేని ముడికి విలువ లేదు. పోతులయ్య కావలి కూర్చున్నాడు. ముత్యాలప్ప చొక్కా తొడుక్కుని హిందూపురం సంతకు రైలెక్కాడు.

సంతలో దేవదాసు అనే మాజీ పటాలం మనిషి బెంగళూరు వేలంలో కొన్న పాత మిలిటరీ సామాను అమ్ముతున్నాడు. రెండు సంచులు తీశాడు. ఒకటి చిన్నది, అడుగున అతుకు ఉంది. ఇంకోటి పెద్దది. ఏదైనా నాలుగు రూపాయలే.

"ఏసుకునేది ఎవరప్పా?"

"నా తమ్ముడు."

"వాడు యాడ?"

"కొండకాడ కావలుండాడు."

"నీ వీపుకు కొలిచి వానికి తగిలిస్తావా?"

"మాకు చొక్కాయే ఒగటప్పా. సంచికేం వచ్చె?"

"చొక్కా వదులైతే గాలి దూరుతాది. సంచి వదులైతే మనిషిని ఎనక్కి గుంజుతాది." దేవదాసు చిన్న సంచిని ముందుకు తోశాడు. "పొట్టోడైతే ఇది తీసుకో. నడుం దాటి కిందికి దిగదు. రాళ్లు నింపి చూడు. ఒట్టి సంచి అందరికీ సరిపోతాది."

"అవే దుడ్లకు పెద్దదిస్తాంటే చిన్నది పట్టుకపోతే, మా ఆడోళ్లు నన్నే దాంట్లో నింపుతారు."

దేవదాసు నవ్వాడు. చిన్న సంచిని పక్కన పెట్టాడు. ముత్యాలప్ప పెద్ద సంచిని తగిలించుకుని రెండడుగులు నడిచాడు. వీపు మీద చక్కగా కూర్చుంది. రాళ్లు నింపలేదు. రైలుకు వేళయింది.

ఇంటికి తెచ్చాక పోతులయ్య పెళ్లాం నరసమ్మ చూసి పకపకా నవ్వింది. "బావా, ఇది సంచా? ఈయప్పకు పరుపా?"

మర్నాడు చరియ మీద పోతులయ్య తగిలించుకుంటే సంచి అడుగు పిరుదుల కిందికి దిగింది. పట్టీలను చివరి రంధ్రం దాకా లాగాడు. ఇంకా వదులే.

"ఎట్లుండాది రా?"

"బాగుండాది లే అన్నా."

అన్న రైలెక్కి తెచ్చిన సంచి. ఇంకేమంటాడు.

ఎండ ఎక్కే వేళకు డబ్బా నిండింది. పోతులయ్య మోకు పట్టుకుని పైకి పాకుతున్నాడు. పైనుంచి చూస్తున్న ముత్యాలప్పకు సంచి తమ్ముడి వీపును వదిలి గాలిలో వేలాడటం కనబడింది.

"అన్నా, పట్టీ జారుతాండాది!"

"భుజం ఎగరెయ్ రా!"

ఎగరేశాడు. పట్టీ సన్నటి భుజం దాటి మోచేతి దాకా జారి, చేతిని ఒంటికి కట్టేసినట్టు బిగుసుకుంది. ఆ చెయ్యి మోకును అందుకోలేకపోయింది. రెండో చెయ్యి కాసేపు పట్టుకుంది.

మనుషులొచ్చి మంచం మీద ఊళ్లోకి తెచ్చేలోపే ప్రాణం పోయింది. సాయంత్రం పూడ్చారు. చొక్కా అతనికే తొడిగారు. ఈసారి పొడుగని ఎవరూ నవ్వలేదు.

సంచి చిరగలేదు. నరసమ్మ దానికంటిన తేనెను కడిగి గోడ మీద ఆరేసింది. ముత్యాలప్ప గడపలో కూర్చున్నాడు.

"అది వానిది కాదు," అన్నాడు. "నా కొలత."

ఆమె సంచిని ఇంకో పక్కకు తిప్పి ఆరేసింది. అప్పుడు అడిగింది.

"బావా, సగం పట్టు ఇంకా ఆడే ఉండాది. ముడి కాడ మనిషి లేడు. దిగేదెవరు?"

"నేనెప్పుడూ దిగలేదమ్మా."

"మోకు నేను పట్టుకుంటా."

మూడోనాటి కర్మ కాకుండా గడప దాటకూడదని ఇరుగుపొరుగు అన్నారు. నరసమ్మ మోకు చుట్ట తెచ్చి గడప పక్కన పెట్టింది.

తెల్లవారాక ముత్యాలప్ప సంచి నిండా రాళ్లు పోశాడు. చొక్కా లేని భుజాలకు తగిలించుకున్నాడు. బొటనవేళ్లు పట్టీల కింద పెట్టి లాగాడు. కదల్లేదు. రాళ్లను గోడ వారగా కుమ్మరించి, సొట్టలు పోయిన డబ్బాను సంచిలో పెట్టుకుని కొండ దారి పట్టాడు. వెనక నరసమ్మ మోకు మోసుకొస్తోంది.