ఆట మధ్యలో వెళ్ళిపోయిన మా క్యాచర్

ఆరో ఇన్నింగ్స్ మధ్యలో బేస్‌బాల్ ఆట ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, వానా పడలేదు. మా జట్టు మేనేజర్ మైదానం అంచున పల్లంలో ఆటగాళ్ళు కూర్చునే డగౌట్ మెట్లెక్కి మైదానంలోకి వచ్చి, బ్యాటర్ వెనక గొంతుకూర్చుని ఉన్న క్యాచర్ దగ్గరికి వెళ్ళాడు. అతను లేచి నిలబడ్డాక భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. క్యాచర్ ముఖానికున్న ఊచల మాస్కు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒకసారి బంతి విసిరే పిచర్ వైపు చూసి తల ఊపి, డగౌట్‌లోకి నడిచాడు. అక్కడ ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అతన్ని కౌగిలించుకోవడం మొదలుపెట్టారు.

మా ముందు వరసలో ఎప్పుడూ కూర్చునే పెద్దాయన ఎగిరినంత పని చేశాడు. "చూశారా కౌగిలింతలు? కొనేశారు! పెద్ద క్లబ్బువాళ్ళు కొనేశారు మనవాణ్ణి!"

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమండీ, నిజమేనంటారా?"

"ఆయన అంటున్నాడుగా."

"ఆయన మాటకేం లెండి, మొన్న మబ్బు చూసి వాన రాదని మనల్ని తడిపాడు" అంది గానీ, అప్పటికే లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. కళ్ళు నిండిపోయాయి. వరస వెంట వరస స్టేడియం అంతా లేచింది. క్యాచర్ డగౌట్ మెట్లు సగం ఎక్కి టోపీ తీసి పైకెత్తాడు. తర్వాత లోపలికి వెళ్ళిపోయాడు. మా ఆవిడ ఫోన్ తీసి చర్చి వాట్సాప్ గ్రూప్‌లో టైప్ చేసింది: "దేవుడు మన ప్రార్థన విన్నాడు. మా అబ్బాయికి పిలుపు వచ్చింది."

మా అబ్బాయి అంటే మేం కన్నవాడు కాదు. ఆ వేసవి మా ఇంట్లో ఉన్నవాడు.

మేముండే ఊరు అమెరికాలో, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే క్యారీకి గంటన్నర దూరం. ఒకప్పుడు ఇక్కడ మేజోళ్ళ మిల్లులుండేవి. అవి మూతపడ్డాక డౌన్‌టౌన్ కూడా వాటితోపాటే నిద్రపోయింది. మేం వచ్చిన కొత్తలో సాయంత్రం ఆరు దాటితే అక్కడ కాఫీ దొరికేది కాదు. తర్వాత ఒక మిల్లు కూల్చిన స్థలంలో చిన్న బేస్‌బాల్ స్టేడియం కట్టారు. మిల్లు ఇటుకలు కొన్ని గోడలోకి వచ్చాయి, పొగగొట్టాన్ని మాత్రం కూల్చకుండా ఉంచారు. కుడివైపు గోడ అవతల రైలు పట్టాలు. ఆట జరిగేటప్పుడు గూడ్సు బండి వస్తే డ్రైవరు ఒకసారి ఎక్కువగా కూత వేస్తాడు, జనం చేతులూపుతారు. పిచర్ కూడా బంతి పట్టుకుని బండి వెళ్ళేదాకా ఆగుతాడు. ఎండ తగ్గి, పొగగొట్టం నీడ మైదానం మీద సాగుతూ నడిమధ్యనున్న సెకండ్ బేస్ దాకా వచ్చే వేళ ఆ సీట్లలో కూర్చోవడం నాకు అలవాటైంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ వేసవి మొత్తం ఆ నీడలోనే గడిచినట్టుంటుంది.

మా ఆవిడ నర్సు. ఈ ఊరి ఆసుపత్రిలో ఆవిడకు ఉద్యోగం వస్తే, ఆవిడ వెంట నేను వచ్చాను. అంతకుముందు విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో స్పోర్ట్స్ పేజీ చూసేవాణ్ణి. సరిగ్గా పేజీ ముగించే వేళకు ఏజెన్సీ నుంచి అమెరికా బేస్‌బాల్ వార్తలు వచ్చిపడేవి. చదవకుండానే తీసి పారేసేవాణ్ణి. అడుగున రెండంగుళాల ఖాళీ మిగిలితే జిల్లా కబడ్డీ ఫలితం వేసేవాణ్ణి గానీ వాటి జోలికి పోలేదు. ఆ వార్తల్లో ఉన్న మనుషుల పక్కన ఇన్నేళ్ళ తర్వాత కూర్చోవలసి వస్తుందని ఎవరనుకున్నారు?

మా జట్టు ఆడేది పెద్ద క్లబ్బుల గొడుగు కింద లేని లీగ్‌లో. పెద్ద క్లబ్బులు వదిలేసినవాళ్ళూ, ఇంకా ఎవరి కంటా పడనివాళ్ళూ ఇక్కడ ఆడతారు. క్లబ్బుల మనుషులు అప్పుడప్పుడు వచ్చి, బంతి తగలకుండా సీట్లకు అడ్డం కట్టిన వల వెనక కూర్చుని చూసిపోతుంటారు. నచ్చితే సీజన్ మధ్యలోనే కాంట్రాక్టు కొనుక్కుంటారు. కొంటున్నామని వచ్చే ఆ ఫోన్ కోసమే అందరూ ఆడేది. జీతాలు తక్కువ కాబట్టి ఆటగాళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో ఉంటారు. ఆ సంగతి ఆసుపత్రి నోటీసు బోర్డులో చూసి, మా ఆవిడ నన్నడక్కుండానే సరేనని వచ్చింది. "పైన గది ఊరికే పడుంది కదండీ. మీ పాత పేపర్లకి తప్ప ఎవరికి ఉపయోగం?" అంది.

మా క్యాచర్ మే నెలలో వచ్చాడు. రెండు సంచులు, ఒక తలగడ. పడమటి మైదానాల్లో గోధుమలు పండించేవాళ్ళ కుటుంబం. ఇరవై తొమ్మిదేళ్ళు. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు, కాకపోతే ఆటంతా గొంతుకూర్చునే ఉండాలి. మొదటి రోజు భోజనాల దగ్గరే చెప్పాడు, "నాకిదే ఆఖరు వేసవి. ఎవరూ కొనకపోతే మా మామయ్య షాపులో ట్రాక్టర్లు రిపేర్ చేసుకుంటాను" అని. పప్పు వేసుకుంటూ, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పాడు. మా ఆవిడ అతని కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

ప్రతి ఆట తర్వాతా ఆవిడ అతని మోకాళ్ళకు ఐస్ కట్టేది.

"ఇవి ఇరవై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు కావు నాయనా."

"నాయనా అంటే ఏంటి ఆంటీ?"

"కదలకుండా కూర్చోమని."

ఆంటీ అనడం అతను క్యారీలో నేర్చుకున్నాడు. మా తెలుగు చర్చి అక్కడ ఒక అద్దె హాల్లో శనివారం సాయంత్రాలు జరుగుతుంది. ఆట లేని ఒక శనివారం మాతో వచ్చి, అర్థంకాని పాటలకు చివరి వరసలో తాళం వేస్తూ కూర్చున్నాడు. పిల్లలందరూ ఆంటీ, ఆంటీ అంటుంటే ఇంటికొచ్చే దారిలో తనూ అలాగే పిలిచాడు. ఆ రోజు ప్రార్థన మనవులు అడిగినప్పుడు మా ఆవిడ లేచి, ఈ అబ్బాయిని ఏదైనా పెద్ద జట్టు తీసుకోవాలని ప్రార్థించమంది. వీసాలు, పరీక్షలు, ఆపరేషన్లు అలవాటైన సంఘానికి ఇది కొత్త.

"ఏ టీమ్ అక్కా? స్పెసిఫిక్‌గా చెప్తే ప్రే చేయడానికి ఈజీ" అన్నాడో సాఫ్ట్‌వేర్ తమ్ముడు.

"ఏదైనా పర్లేదు తమ్ముడూ. కొనుక్కునేవాళ్ళు కొనుక్కుంటారు."

అప్పటినుంచి ప్రతి శనివారం ఆ మనవి ఉండేది.

స్టేడియంలో మా ఆవిడ ఆట చూసేది కాదు. అతన్నే చూసేది. "బంతిని చూడు, ఏం జరుగుతోందో తెలుస్తుంది" అని నేనంటే, "బంతిని అతను చూస్తున్నాడుగా" అనేది. ముందు వరస పెద్దాయన మాత్రం అంపైర్‌నే చూసేవాడు. మేజోళ్ళ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. మిల్లులో మోతకు వినికిడి తగ్గి, తనెంత గట్టిగా అరుస్తున్నాడో తనకే తెలియదు. "అంపైర్‌గారూ, మీ ఆవిడ ఇంట్లో కళ్ళజోడు దొరికిందని ఫోన్ చేసింది!" అని మొదలుపెడితే మా క్యాచర్ మాస్కు లోపల నవ్వడం భుజాల్లో తెలిసేది.

అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ కౌగిలింతలు చూసి మేం ముగ్గురం ఒకే రకంగా ఆలోచించాం. ఆట మధ్యలో మనిషిని పిలిచి, అందరూ కౌగిలించుకుంటున్నారంటే అతను జట్టు వదిలి వెళ్తున్నాడని అర్థం. ఎక్కడికి అన్నది ఆ కౌగిలింతల్లో తెలియదు. మాకు మాత్రం ఒకే చోటు తట్టింది.

ఆట అయ్యాక ఆటగాళ్ళు బయటికొచ్చే గేటు దగ్గర నిలబడ్డాం. పెద్దాయన కూడా వచ్చాడు. మా వాడు రెండు సంచులతో వచ్చాడు.

"ఎవరు కొన్నారు?" పెద్దాయన గేటు దాటకముందే అరిచాడు.

"ఎవరూ కొనలేదు. మార్చుకున్నారు."

ఇదే లీగ్‌లో ఉత్తరాన సముద్రం పక్క ఊరి జట్టు. వాళ్ళ క్యాచర్‌కి వేలు విరిగింది, వెంటనే మనిషి కావాలి. కాబట్టి ఇతన్ని ఇచ్చారు. బదులుగా ఎవరొస్తారు అని అడిగాను, పేపరు డెస్కు నాటి పాత అలవాటు.

"తర్వాత చెబుతారట. ఒప్పందంలో అలాగే రాశారు" అన్నాడు. ఇక్కడ అదొక పద్ధతి. మనిషిని ఇవాళ ఇచ్చేస్తారు, బదులు మనిషి ఎవరన్నది తీరిగ్గా తేల్చుకుంటారు.

పెద్దాయన టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "మరి మేం కొట్టిన చప్పట్లు?"

మా వాడు నవ్వాడు. "అవి బావున్నాయి. వెనక్కివ్వను."

ఇంటికొచ్చి మిగతావి సర్దుకుంటుంటే మా ఆవిడ ఫోన్ మోగుతూనే ఉంది. స్తోత్రం, ప్రైజ్ ద లార్డ్, సాక్ష్యం ఎప్పుడు చెప్తారు సిస్టర్. ఆవిడ సోఫాలో కూర్చుని తెర వంక చూస్తోంది.

"ఏం రాయనండీ ఇప్పుడు?"

"సవరణ వెయ్యి. పేపర్లో మేమూ వేసేవాళ్ళం."

"ఆఁ, వేసేవారు. లోపలి పేజీలో, భూతద్దం పెట్టుకుంటే కనిపించేట్టు."

సంగతేమిటని మా వాడు అడిగితే చెప్పింది. అతను మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ ఆలోచించాడు. "సీజన్ ఇంకా ఉంది కదా ఆంటీ. ప్రార్థన ఆపొద్దని చెప్పండి" అన్నాడు. ఆవిడ రాసింది: "పిలుపు వచ్చింది గానీ మనం అనుకున్న చోటి నుంచి కాదు. ప్రార్థన కొనసాగించండి." గ్రూప్ మళ్ళీ ఆమెన్‌లతో నిండింది.

గోంగూర పచ్చడి సీసా టవల్లో చుట్టి అతని కారు సీటు కింద పెట్టింది. వెలుగుండగానే బయల్దేరాడు. తలగడ మరిచిపోయాడు.

మిగతా వేసవి మేం ఆటలకు వెళ్తూనే ఉన్నాం. అతని చోట, అప్పటిదాకా బెంచి మీదున్న రెండో క్యాచర్ బానే ఆడాడు. మా ఆవిడ మొదటిసారి బంతిని చూడడం మొదలుపెట్టి, ఎవరు ఎందుకు అవుటయ్యారో నాకే చెప్పసాగింది. మధ్యమధ్య ఫోన్‌లో ఆ సముద్రం ఊరి ఆట పెట్టి చూసేది. రైలు కూత వేసినప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టి చెయ్యూపేది. బదులు మనిషి వస్తే మీ ఇంట్లోనే ఉంచుతామని జట్టువాళ్ళు చెప్పారు. ఆవిడ పైగదిలో దుప్పట్లు మార్చింది. తలగడ మాత్రం బీరువాలో విడిగా పెట్టింది.

సెప్టెంబరులో సీజన్ అయిపోయింది. గేట్లకు తాళాలు పడ్డాయి. మా వాడు మామయ్య షాపులో ట్రాక్టర్లు రిపేర్ చేస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, గ్లవ్‌కి నూనె రాస్తున్నానని చెప్పాడు. వచ్చే వేసవి ఆడతావా అంటే ఇంకా అనుకోలేదన్నాడు. పెద్ద క్లబ్బుల నుంచి ఎవరూ పిలవలేదు. అతని బదులు రావలసిన మనిషి ఎవరో మా జట్టు ఇంతవరకూ చెప్పలేదు.