ఏడు నలభైకి వచ్చిన మెసేజ్

ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు మా తమ్ముడి ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. ఫిబ్రవరి నెల, మంగళవారం. వాడు వంటింటి గడప దగ్గర పీట మీద కూర్చుని దోసెలు తింటున్నాడు. ఎనిమిదిన్నరకు రైల్వే స్టేషన్ ముందు యాత్రికులను ఎక్కించుకుని కొండకు పోవాలి. గంటా నిమిషాలూ ఇంత కచ్చితంగా చెబుతున్నాను గానీ ఆ రోజు నేను గడియారం చూడలేదు. ఆ సమయాన్ని నాలుగు నెలల తర్వాత చిత్తూరులో ఒక బ్యాంకు అధికారి తన కంప్యూటర్‌లో చూసి నాకు చెప్పాడు.

"అక్కా, ఇది రవ్వంత సూడు," అని వాడు ఎడమచేత్తో ఫోను నా వైపు జరిపాడు. కుడిచేతికి ఊరిబిండి పచ్చడి అంటుకుని ఉంది.

మెసేజ్ ఇంగ్లీషులో ఉంది. అభినందనలతో మొదలైంది. రెండు పక్కలా టపాకాయల బొమ్మలు. ఎంతో విలువైన మీలాంటి వారికి మాత్రమే ఈ ప్రత్యేక అవకాశం అని ఒక వాక్యం. క్రెడిట్ కార్డు పరిమితి పెంచుకోవడానికి మీ సమ్మతి తెలపండి అని ఇంకో వాక్యం. ఎంత పెంచుతారో లేదు. కింద నీలిరంగులో ఒక లింకు.

"ఏమంటాండాది?"

"లిమిట్ పెంచుతారంట. ఇది నొక్కాలంట."

వాడు నమలడం ఆపాడు. "నిజమేనా?"

"నిజమైతే ఇంత మెరుపెందుకురా? బ్యాంకోళ్లు యాడన్నా టపాకాయలు పంపిస్తారా? ఎదురింటి టైలరుకి వచ్చింది గూడా ఇట్లాంటిదే. తీసెయ్."

"నువ్వు సెప్తే సరే," అని వాడు చిటికెన వేలితో దాన్ని తీసేశాడు. ఇంకో దోసె అడిగాడు. వేశాను.

మా వీధిలో చదవడం నా పని. ఎవరూ అప్పగించలేదు, అలా కుదిరింది. తిరుపతిలో ఒక కాలేజీ గ్రంథాలయంలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. కరెంటు నోటీసు వచ్చినా, చిత్తూరు కోర్టు నుంచి సమన్లు వచ్చినా, ఫోనులో ఏది మోగినా మా గుమ్మం దగ్గరికి తెచ్చేవారు. నేను చదివి, ఇది చేయండి, ఇది వదిలేయండి అని చెప్పేదాన్ని. ఎదురింటి టైలరు ఒకసారి నాకు చూపకుండా లింకు నొక్కి పదకొండు వేలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత నేను ఇంకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. నమ్మడం కంటే నమ్మకపోవడమే మంచిదని నాకు అనిపించేది.

మా ఇంట్లో నేనూ తమ్ముడూ తప్ప ఎవరూ లేరు. కరోనాకు ముందు వాడికి రెండు కార్లు ఉండేవి, రెండూ అప్పు మీద కొన్నవే. కొండకు మనిషి రాని నెలల్లో రెండూ ఇంటి ముందు ఎండలో నిలబడ్డాయి. వాయిదాలు ఆగిపోయాయి. ఫైనాన్సు వాళ్లు వచ్చి కార్లు తీసుకుపోయారు. కార్లు అమ్మేశాక ఇంకా మిగిలిన బాకీలో సగం కడితే ఫైలు మూసేస్తామన్నారు. అమ్మ గాజులూ నా గొలుసూ అమ్మి ఆ సగం కట్టాము. వాళ్లిచ్చిన కాగితం నేనే చదివాను. ఇంతటితో అయిపోయిందని వాడికి చెప్పాను. కానీ బ్యాంకులన్నీ చూసే అప్పుల రికార్డులో వాడి పేరు మీద అప్పు తీరినట్టు నమోదు కాలేదు, కొంత ఎగ్గొట్టి రాజీపడ్డట్టు నమోదైంది. ఆ సంగతి, రెండేళ్ల తర్వాత వాడు మళ్లీ ఒక పాత కారు కొందామని పోతే నాలుగు చోట్ల కాదన్నప్పుడు తెలిసింది.

అప్పటి నుంచి వాడు వేరేవాళ్ల కారు నడిపాడు. చిత్తూరులో మా పాత ఖాతా ఉన్న బ్యాంకులో యాభై వేలు డిపాజిట్ వేసి, దాని హామీ మీద ఒక క్రెడిట్ కార్డు తీసుకున్నాడు. పాడైన పేరు బాగుపడాలంటే మళ్లీ అప్పు చేసి సరిగ్గా తీర్చడమే దారి అని అక్కడ చెప్పారట. నలభై వేల పరిమితితో మొదలైంది. ఆరు నెలలకు అడిగితే, సరిగ్గా కడుతున్నాడని డిపాజిట్‌ను మించి అరవై చేశారు. ఆ రోజు వాడు మైసూరుపాకు తెచ్చాడు.

వాడికి ఖర్చులు తక్కువ. కార్డు వాడకం కనపడాలి గదా అని స్టాండులో మిగతా డ్రైవర్ల డీజిలుకు తన కార్డు గీకేవాడు. వాళ్లు దుడ్లు వాడి చేతిలో పెట్టేవారు. మరునాడు వాడు అవి ఖాతాలో వేసేవాడు. ఒకసారి నేనూ కారులో ఉన్నాను. ఒక లావుపాటి డ్రైవరు కిటికీలోకి వంగి అన్నాడు.

"ఏమప్పా షావుకారూ, ఈ పొద్దు కూడా నీ లెక్కేనా?"

"నాదేముండాదప్పా, దుడ్లు నీవి, పేరు నాది."

"మాకు డీజిలు, నీకు మార్కులు. పదోతరగతిలో యాడికి పోయినాయి ఈ మార్కులు?"

"అప్పుడు మా యక్క పక్కన కూచోలేదు పరీక్షకి," అని వాడు నా వైపు చూసి నవ్వాడు.

డిసెంబరులో అలిపిరి దగ్గర ఒక ముసలమ్మ సంచి డిక్కీలో పెట్టబోయి వాడు నేల మీద కూర్చుండిపోయాడు. డాక్టరు పరీక్షలు చేసి, గుండెకు పోయే నాళంలో అడ్డు ఉన్నట్టుందని, యాంజియోగ్రామ్ చేసి చూడాలని, స్టెంటు పడవచ్చని చెప్పాడు. అన్నీ కలిపి లక్షన్నర దగ్గర పెట్టుకోమన్నాడు. ఆలస్యం చేయొద్దన్నాడు. నాకు సర్కారు జీతం కాబట్టి పేదల ఆరోగ్య పథకం మా ఇంటికి లేదు. నా ఉద్యోగానికి ఉన్న వైద్య సదుపాయం తమ్ముడికి వర్తించదు.

"పీఎఫ్‌లో తీస్తాను," అన్నాను.

"నీ గొలుసు అమ్మించినా, అమ్మ గాజులు అమ్మించినా. ఇంక నీ పీఎఫ్ జోలికి పోతే నాకు సచ్చినంత పనక్కా. లిమిట్ పెంచనీ. నా కార్డు నేను గీకి, నా కాళ్ల మీద లోపలికి పోతా. నెలనెలా నేనే కట్టుకుంటా."

అలా, వాడి గుండె బాగుపడటం ఆ పరిమితి పెరగడం మీద ఆధారపడి కూర్చుంది. ఎప్పుడు కూర్చుందో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఒక్క రోజులో జరగలేదు. మొదట ఒక నెల చూద్దామనుకున్నాము. తర్వాత ఇంకో నెల.

వాడికి సాయం చేద్దామని నేను చదవడం మొదలుపెట్టాను. కార్డుతో వచ్చిన షరతుల పుస్తకం, ఇంకా దొరికిన వ్యాసాలు అన్నీ చదివాను. పరిమితిలో మూడో వంతు దాటి వాడితే మనిషికి డబ్బు ఇబ్బంది ఉందని బ్యాంకు అనుకుంటుందని, పరిమితి పెంచమని అడిగే ముందు నెలల్లో ఆ గీత దాటకూడదని రాసి ఉంది. అరవైలో మూడో వంతు ఇరవై. ఆ అంకెను వంటింటి క్యాలెండరు మీద పెన్సిలుతో రాశాను. డ్రైవర్ల డీజిలు తగ్గించమన్నాను. తగ్గించాడు.

మార్చి ఆఖరులో వాడు మళ్లీ అడిగాడు. ప్రస్తుతం మీ అభ్యర్థన తీసుకోలేము, జూన్ మూడో తేదీన తిరిగి పరిశీలిస్తాము అని ఫోనులో రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఎందుకు తీసుకోరో చెప్పలేదు.

"ఆ యమ్మి గొంతు ఎంత బాగుండాదో సూడక్కా. ఒక్క రూపాయి పెంచదు," అన్నాడు వాడు. నవ్వాము.

ఏప్రిల్‌లో వాడు మేడ మెట్లు ఎక్కడం మానేశాడు. బట్టలు నేనే ఆరేసేదాన్ని. ఘాట్ రోడ్డు మీద ఇప్పుడు నెమ్మదిగా పోతున్నాడని, వెనక బస్సులు హారన్లు కొడుతున్నా పక్కకు తీస్తున్నాడని ఆ లావుపాటి డ్రైవరు నాకు చెప్పాడు. రాత్రుళ్లు రెండు దిండ్లు పెట్టుకుని పడుకునేవాడు. నేను అడిగితే వేడి అనేవాడు. తిరుపతిలో ఆ నెల నిజంగానే వేడిగా ఉంటుంది. కాబట్టి ఆ మాట కాదనలేకపోయాను.

మే ఇరవై మూడున ఎడమ భుజం లాగుతోందన్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆ రోజే యాంజియోగ్రామ్ చేస్తామన్నారు. దానికి ముందుగా పద్దెనిమిది వేలు కట్టమన్నారు. కౌంటరు దగ్గర వాడు కార్డు తీశాడు. లోపల అద్దం వెనక ఉన్నామె మెషీను ముందుకు తోసింది. వాడు కార్డు పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఇప్పటికి ఎంతయింది అక్కా ఈ నెల?"

"పన్నెండు వేలు."

"ఇదీ గీకితే ముప్పై. దాటిపోతాది గదా."

నేను అద్దానికి అంటించిన రేట్ల కాగితం చదివాను.

"పదకొండు దినాలే ఉండాది. ఇంతదాకా పట్టుకొచ్చి ఇప్పుడు సెడగొట్టుకోవాల్నా? ఇప్పుడు నొప్పి కూడా లేదులే."

"గీకాలా, వద్దా?" అంది కౌంటరులో ఆమె. మా వెనక ఐదారుగురు నిలబడి ఉన్నారు.

"రేపొస్తాం మా," అని వాడు కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నా ఖాతాలో పదమూడు వేలు ఉన్నాయి. మిగతా ఐదు వేలు అడిగితే ఇచ్చేవాళ్లు నాకు కనీసం ముగ్గురున్నారు. ఆ గీత నేను గీసిందే కాబట్టి, పర్వాలేదు దాటు అని నేనొక్క మాట అంటే వాడు దాటేవాడు. అది అప్పుడే నాకు తెలుసు. తర్వాత తెలిసింది కాదు. బయటికి వచ్చి, బస్టాండు దగ్గర చెరుకురసం తాగి ఇంటికి వచ్చాము. వాడు క్యాలెండరు దగ్గరికి పోయి జూన్ మూడో తేదీ చుట్టూ సున్నా చుట్టాడు.

జూన్ ఒకటో తేదీ మధ్యాహ్నం వాడు యాత్రికులను కొండ మీద నుంచి దించుకుని వచ్చాడు. వాళ్లు దిగారు. సామాను వాళ్లే తీసుకున్నారు. కారు గీతల మధ్య సరిగ్గా నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, తాళం తిప్పి ఉంది. వాడు మాత్రం సీటులోంచి లేవలేదు. నిద్రపోతున్నాడనుకుని చాలాసేపు ఎవరూ పలకరించలేదు. ఫోను చేసింది ఆ లావుపాటి డ్రైవరే.

"అక్కా, నువ్వు రావాల. ఇప్పుడే రావాల," అన్నాడు.

జూన్ ఆఖరులో మరణ ధ్రువపత్రం తీసుకుని చిత్తూరు బ్యాంకుకు పోయాను. డిపాజిట్‌కు నామినీ నేనే. కార్డు మూసేసి, డిపాజిట్ విడిపించుకోవాలి. బస్సు ఊళ్లోకి చేరేముందు గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారుగా ఆగి ఉన్నాయి. రెండు రోజులుగా నిలబడ్డాయని కండక్టరు ఎవరికో చెబుతున్నాడు. అడుగున ఉన్న కాయలు కారుతున్నాయి. కిటికీ మూసినా వాసన పోలేదు.

బ్యాంకు అధికారి నాకంటే చిన్నవాడు. కాగితాలన్నీ చూశాడు. కంప్యూటరులో ఏదో చదువుతూ ఆగాడు.

"మంచిగా కట్టుకున్నాడమ్మా మీ తమ్ముడు. ఒక్క దినం కూడా ఆలస్యం లేదు. మరి లిమిట్ ఎందుకు వద్దన్నాడు?"

"ఏ లిమిట్?"

"ఫిబ్రవరిలోనే పెంచుతామన్నాము గదమ్మా. లక్షా అరవై వేలకి. కస్టమరు ఒప్పుకుంటేనే మేము పెంచాల, అది రూలు. ముప్పై దినాలు టైమిచ్చినాము. ఆయప్ప జవాబియ్యలేదు. అట్ల వదిలేస్తే మళ్లీ మూడు నెలల దాకా అడిగినా తీసుకోరు."

"ఉత్తరం రాలేదే," అన్నాను.

"మెసేజ్ పోయిండాది. ఇదిగో." తెర నా వైపు తిప్పాడు. "ఫిబ్రవరి, మంగళవారం. పొద్దున ఏడు నలభై."

టపాకాయల బొమ్మలు ఆ తెర మీద లేవు. తేదీ, సమయం, అంకె, పక్కన జవాబు లేదు అన్న మాట మాత్రమే ఉన్నాయి. అంత సాదాగా నాకు వచ్చి ఉంటే నమ్మేదాన్ని.

"ఆయన సూసుకోలేదేమో," అన్నాడు అధికారి, నా ముఖం చూసి.

"చూసినాడు," అన్నాను.

చూపించిన చోట సంతకాలు పెట్టాను. కార్డును నా ఎదుటే కత్తెరతో రెండు ముక్కలు చేశారు. ఆ ముక్కలు కావాలా అని అడిగితే వద్దన్నాను.

కాలేజీకి మళ్లీ పోతున్నాను. క్యాలెండరు తీసేయలేదు. పెన్సిలుతో రాసిన ఇరవై దాని మీద ఇంకా ఉంది.

పోయిన వారం వీధి చివర పూలమ్మే ఆమె ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఏందో వచ్చిండాది. నొక్కాల్నా వద్దా?"

"బ్యాంకుకు పోయి అడుగు," అన్నాను.

"అంత దూరమా? నువ్వు సూసి ఒక మాట సెప్తే పోతాది గదా."

"బ్యాంకుకు పో."

ఆమె ఫోను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. నేను ఇప్పుడు ఎవరి మెసేజూ చదివి చెప్పడం లేదు.