రెండు కత్తుల బావ

సెలూన్ బావకి కత్తెర కుడిచేత్తో ఎంత సులువుగా ఆడుతుందో, ఎడమచేత్తోనూ అంతే. అలాంటి మనిషిని కూడా ఆదివారం మధ్యాహ్నం మరదలు ఆడించే, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి ఆడే పాచికల ఆట తికమక పెట్టేస్తుంది. అందులో ఆయన రెండు కత్తుల వీరుడు, భార్య మంత్రగత్తె. మరదలు నియమాల పుస్తకం పట్టుకుని కథ నడిపిస్తుంది. ఎడమచేతిలోని రెండో కత్తి దెబ్బకి వీరుడి ఒంటి బలం లెక్కలో కలపకూడదని ఆమె ఎన్నిసార్లు చెప్పినా, ఎడమచేతి వేళ్ళని కత్తెరలా ఆడిస్తూ "ఈ చెయ్యేం పాపం చేసిందే పిల్లా?" అంటాడు.

మొన్న ఆటలో రాక్షసుడు మంత్రగత్తెని పడగొట్టాడు. బావ తన వంతులో ఆమె నోట్లో ప్రాణం నిలిపే మందు పొయ్యకపోతే ఆర్నెల్లుగా ఆడుతున్న మంత్రగత్తె ఇక లేనట్టే. "కుడిచేత్తో నరికి, ఎడమచేత్తో మందు పోస్తా" అన్నాడు బావ. "ఎడమచేతిలో కత్తుంది కదా బావా!" అంది మరదలు. "కింద పెడతా." "పెడితే మళ్ళీ తియ్యడానికి ఇంకో నియమం ఉంది." "తొందరగా తేల్చండి, ఇక్కడ నేను చస్తున్నా!" అని అరిచింది భార్య. బావకి బుర్ర తిరిగిపోయింది. ఏ చెయ్యి ఏం చెయ్యాలో తేలక, రెండు కత్తులూ పారేసి రెండు చేతులతో మందు పోసేశానన్నాడు. మంత్రగత్తె కళ్ళు తెరిచింది. ఎదురుగా రాక్షసుడు, పక్కన ఒట్టి చేతులతో మొగుడు. "లేపారు, సంతోషం" అంది భార్య పాచికలు అందుకుంటూ. "ఇక నా వెనకాల దాక్కోండి."