బాలమణి చీటీలో రాయని సలహా

1966 జూన్‌లో నన్ను మెదక్ పట్టణంలోని ఒక దవాఖానకు స్టాఫ్ నర్సుగా వేశారు. అప్పటికి నాకు ఆరేళ్ల సర్వీసు. ఆడవాళ్ల ఓపీలో నా పని డాక్టరమ్మ రాకముందే మొదలయ్యేది. వచ్చినవాళ్ల పేరు, ఊరు, వయసు, బాధ ఏమిటో, ఎన్నాళ్ల నుంచో అడిగి, ఓపీ చీటీ మీద రాసి లోపలికి పంపాలి. డాక్టరమ్మ చూసి మందు రాశాక, పూతమందు పూయడం, మిగతాది ఎలా వాడాలో చెప్పడం మళ్లీ నా వంతు. చీటీ మీద డాక్టరు రాసిందే మందు, నర్సు తనంతట తాను ఏదీ ఇవ్వకూడదు. ఆ నియమాన్ని నేను కొత్తగా వచ్చిన పిల్లలకు చాలా దర్జాగా చెప్పేదాన్ని.

నేను చేరిన మొదటి వారంలోనే హవేలిఘనపూర్ నుంచి బాలమణి అనే ఆమె వచ్చింది. ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి, గట్టిగా గాలి వీస్తే పడిపోయేంత సన్నం. వెంట అత్త లచ్చవ్వ ఉంది. ఆమెకున్న బాధను ఆడవాళ్లు పైకి చెప్పుకోరు. అత్త అటు తిరిగినప్పుడు బాలమణి నా చెవి దగ్గరికి వచ్చి, "తెల్లబట్ట అయితుంది సిస్టరమ్మా. ఒకటే మంట, దురద. కూసోనిస్తలేదు" అంది.

డాక్టరమ్మ దూదిపుల్లతో తీసిన తెలుపును గాజుపలక మీద పూసి మైక్రోస్కోపు కింద పెట్టింది. నన్ను కూడా చూడమంది. మొగ్గ తొడిగినట్టున్న గుండ్రటి కణాలు, వాటి మధ్య సన్నటి దారాలు కనిపించాయి. చీటీ మీద "మోనీలియా" అని రాసింది. ఇప్పుడు కాండిడా అంటున్నది దాన్నే. అదొక రకం బూజు. ఒంట్లో ఎప్పుడూ కొంచెం ఉంటుంది, అదుపు తప్పితేనే బాధ పెడుతుంది. దానికి మా దగ్గరున్న మందు జెన్షియన్ వయొలెట్ అనే ఊదారంగు పూత. రోజు విడిచి రోజు వచ్చి పూయించుకోవాలి. బట్టలకు అంటితే ఆ మరక పోదు.

పది రోజుల్లో బాలమణికి నయమైంది. మూడు వారాలకు మళ్లీ వచ్చింది. మళ్లీ పూశాం, తగ్గింది, మళ్లీ వచ్చింది. డాక్టరమ్మకు అర్థం కాలేదు, నాకు అసలే కాలేదు. మందు పాతబడిందేమోనని కొత్త సీసా తెరిచాం. ఆమె భర్తను పిలిపించి చూశారు. ఇద్దరి రక్తం సుఖవ్యాధి పరీక్షకు పంపారు. అందులో ఏమీ లేదని వచ్చింది. అయినా ఆ పరీక్ష మాట లచ్చవ్వ చెవిన పడనే పడింది.

ఆమె నన్ను వరండాలో పట్టుకుంది. "గీ బీమారి ఎవ్వలికాడ అంటించుకున్నదో గని, దసరా లోపల తక్కువ గాకుంటే టేక్మాల్ల తల్లిగారింట్ల ఇడిసిపెట్టొస్తం. పిల్లలు మాత్రం మాకాడనే ఉంటరు" అంది. రక్తంలో ఏమీ లేదని చెప్పాను. "మరి తక్కువెందుకయితలేదు?" అని అడిగింది.

ఇక నా సంగతి. రెండోసారి వచ్చినప్పుడే బాలమణి, ఎన్ని నీళ్లు తాగినా దూప తీరడం లేదని, నోరు ఎండిపోతుందని చెప్పింది. తెల్లబట్ట, మంట, దాహం అంటే మా ఇళ్లల్లో ఒకటే మాట: వేడి చేసింది. మా అమ్మ అయితే సబ్జా గింజలు నానబెట్టి చక్కెర శర్బతు కలిపి ఇచ్చేది. నర్సు చదువు చదివినా ఆ మాట నాలో అలాగే ఉంది. "ఒంట్ల వేడి ఉన్నది బాలమణీ, పొద్దుగాల ఒక గిలాస, మాపటికి ఒక గిలాస సబ్జా శర్బతు తాగు" అన్నాను. తర్వాత వచ్చినప్పుడు దూప ఎక్కువైందంది. నేను రోజుకు నాలుగు గిలాసలు చేశాను. ఇది మందని నాకు తోచలేదు, కాబట్టి చీటీ మీద రాయాలనీ తోచలేదు.

సెప్టెంబరులో నాలుగోసారి వచ్చింది. డాక్టరమ్మ పాత చీటీలన్నీ వరసగా పెట్టి చూసి, ఒంటేలులో, అంటే మూత్రంలో, చక్కెర చూడమంది. మా ఓపీలో ఆ పరీక్ష గర్భిణులకు, నలభై దాటిన బొద్దు మనుషులకు మాత్రమే చేసేవాళ్లం. చక్కెర జబ్బు అంటే అప్పట్లో మా దృష్టిలో కలిగినవాళ్ల జబ్బు. ఈ సన్నటి మనిషిని ఎవరూ అనుమానించలేదు. పరీక్షగొట్టంలో నీలిరంగు బెనెడిక్ట్ ద్రావణం ఐదు మిల్లీలీటర్లు పోసి, ఎనిమిది చుక్కలు ఒంటేలు కలిపి స్పిరిటు దీపం మీద మరిగించాలి. నీలంగా ఉంటే చక్కెర లేనట్టు. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఎక్కువైన కొద్దీ పసుపు, నారింజ, చివరికి ఇటుకరంగు. బాలమణిది ఇటుకరంగుకు తిరిగింది. గొట్టం సరిగా కడగలేదేమోనని ఇంకోటి కడిగి మళ్లీ చేశాను. అదే రంగు వచ్చింది.

డాక్టరమ్మ అత్తనూ కోడలినీ లోపలికి పిలిచింది. ఒంట్లో చక్కెర పెరిగితే ఈ బూజు దాని మీదే బతుకుతుందని, అందుకే పూత ఆపగానే తిరిగి వస్తోందని చెప్పింది. ఏం తింటున్నావు, ఏం తాగుతున్నావు అని అడిగింది. అన్నం, పప్పు, రొట్టె అంటూ చెప్పి, చివర్లో నాలుగు గిలాసల శర్బతు అంది బాలమణి. ఎవరు తాగమన్నారని డాక్టరమ్మ అడిగింది. బాలమణి ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది.

"ఎవ్వలు చెప్పలే. నాకే తాగబుద్ధయింది."

లచ్చవ్వ అంతెత్తున లేచింది. "ఇంట్లున్న కోటా చక్కెరంత దీని శర్బతుకే ఒడిసిపాయె! తాగుకుంట తాగుకుంట రోగం తెచ్చుకున్నది" అంది. నాకు సిగ్గేసింది. ఇల్లే పోయే స్థితిలో ఉన్న మనిషి నన్ను కాపాడుతోంది. శర్బతు తాగమన్నది నేనేనని చెప్పాను. డాక్టరమ్మ చీటీని అటూ ఇటూ తిప్పి, ఇందులో లేదే అంది. రాయలేదన్నాను. ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

లచ్చవ్వ మాత్రం ఇంకో ఆలోచనలో ఉంది. "అయితే డాక్టరమ్మా, గిది మందికాడికెల్లి అంటిన బీమారి కాదన్నట్టేనా?" అని అడిగింది. కాదంది డాక్టరమ్మ. లచ్చవ్వ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. టేక్మాల్ ప్రస్తావన మళ్లీ తేలేదు.

చక్కెర, బెల్లం, తీపి పండ్లు బందు. ఒక పూట అన్నం, మిగతా పూటలు జొన్నరొట్టె, ఆకుకూర, మజ్జిగ. పొద్దున నానిన మెంతులు. ఊదాపూత మామూలే. చక్కెర జబ్బు మాత్రలు హైదరాబాదు నుంచి తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా లచ్చవ్వ ఎవరినీ అడగకుండా వేపాకు కాచిన నీళ్లతో కడిగించడం మొదలుపెట్టింది. దసరా దాటేసరికి గాజుపలక మీద బూజు లేదు, గొట్టంలో రంగు ఆకుపచ్చ దగ్గర ఆగింది. మాత్రలు వాడుతూ, తిండి అలాగే పాటిస్తూ ఉంటే ఆ ఏడాదంతా తిరిగి రాలేదు.

దేనివల్ల తగ్గిందో నాకు నేటికీ తేల్చి చెప్పడం రాదు. వేపాకు వల్లనే అని లచ్చవ్వ ఊరంతా చెప్పింది. ఆ ఊరి ఆడవాళ్లు కొందరు ఊదామందు వద్దు, వేపాకు చాలని నాతో వాదించారు. మాత్రలు పనిచేశాయా, రొట్టెనా, మెంతులా, శర్బతు ఆపడమే చాలిందా? దాహం శర్బతుకు ముందే ఉంది, జబ్బూ ముందే ఉండి ఉంటుందని డాక్టరమ్మ అంది. అలాగైతే నా తప్పు ఎంత? ఆ లెక్క నాకు తెగలేదు. అన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో చెప్పలేమన్నది మాత్రం తెలిసింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మజ్జిగ తాగమని చెప్పినా సరే చీటీ మీద రాసి కింద నా పొడి సంతకం పెట్టాను. చిన్న నర్సులు నవ్వేవారు. తెల్లబట్ట అని ఎవరొచ్చినా, ఏ వయసైనా, ముందు ఒంటేలులో చక్కెర చూడాలని డాక్టరుకు గుర్తు చేసేదాన్ని. ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు, ఎవరు చెప్పారు అని కూడా అడిగేదాన్ని. చివరి ప్రశ్నకు చాలామంది ఆడవాళ్లు ఎవరూ చెప్పలేదనే అనేవారు. అప్పుడు పక్కనున్నవాళ్లను బయటికి పంపి, ఇంకోసారి అడిగేదాన్ని.